అమ్ముడైన ఖాళీ సీట్లు

ఫుట్‌బాల్ మ్యాచ్ డెబ్భయ్యో నిమిషం దగ్గర స్టేడియం స్క్రీన్ మీద ఒక అంకె పడుతుంది. ఈ రోజు ఇంతమంది వచ్చారు, అందరికీ థాంక్స్ అని. అదే నిమిషంలో టీవీ కెమెరా ఎదుటి స్టాండ్ మీదుగా వెళ్తుంది. అంకె ప్రకారం స్టేడియం నిండిపోయింది. కెమెరాలో మాత్రం వరసల మధ్య ఉత్త ప్లాస్టిక్ సీట్లు మెరుస్తుంటాయి. ఆ ఫోటో క్షణాల్లో ఫోన్లన్నీ చుట్టేస్తుంది, గొడవ మొదలవుతుంది. ప్రత్యర్థి అభిమానులు నవ్వుతారు. సొంత అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోతారు. రానివాళ్లకి టీమ్ మీద ప్రేమ లేదని ఒకళ్లు, ఆ రేట్లు పెడితే ఎవడొస్తాడని ఇంకొకళ్లు.

ఈ వాదన చాలా ఏళ్లుగా వింటున్నాను, అప్పుడప్పుడు నేనూ దిగాను. రెండు వర్గాలూ ఒకే చోట తప్పుతున్నాయని నా అభిప్రాయం. ఖాళీ సీటు కనబడగానే అది అమ్ముడుపోని సీటు అనుకుంటారు. పెద్ద క్లబ్బుల విషయంలో చాలాసార్లు అది నిజం కాదు. ఆ సీటు ఎప్పుడో అమ్ముడైపోయింది. డబ్బు నెలల క్రితమే క్లబ్ ఖాతాలో పడింది. మనిషే రాలేదు. అమ్ముడుపోని సీటుకి కారణాలు వేరు, అమ్ముడై ఖాళీగా మిగిలిన సీటుకి కారణాలు వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడినంత కాలం ఈ గొడవ తేలదు. నన్నడిగితే రెండోదే పెద్ద సమస్య. ఎందుకంటే దాన్ని బాగుచేసుకోవాల్సిన తొందర ఎవరికీ లేదు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఇంగ్లండ్‌లో క్లబ్బులు ప్రకటించే హాజరు సాధారణంగా టికెట్ల అమ్మకం లెక్క. సీజన్ టికెట్, అంటే సీజన్ మొత్తానికి ఒక సీటు ముందే కొనుక్కున్న టికెట్, ఉన్నాయన ఇంట్లో పడుకుని నిద్రపోతున్నా సరే, ఆ లెక్కలో ఆయన స్టేడియంలోనే ఉన్నాడు. గేటు దగ్గర ఎన్ని టికెట్లు స్కాన్ అయ్యాయో వేరే లెక్క ఉంటుంది. అది లేకపోతే కుదరదు కూడా. ఏదైనా ప్రమాదం జరిగితే లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలి కదా. ఆ లెక్క క్లబ్బుకి తెలుసు, భద్రత చూసేవాళ్లకి తెలుసు. మనకి మాత్రం మొదటి అంకె వినిపిస్తారు. 2018 మార్చి 1న ఆర్సెనల్ తన సొంత గడ్డ మీద మాంచెస్టర్ సిటీతో ఆడింది. మంచు, ఎముకలు కొరికే చలి. పైగా అంతకు నాలుగు రోజుల ముందే లీగ్ కప్ ఫైనల్లో అదే సిటీ చేతిలో 3-0తో ఓడిపోయి ఉన్నారు. స్టేడియంలో ఎటు చూసినా ఖాళీలే. ప్రకటించిన హాజరు మాత్రం 58 వేల పైచిలుకు. ఆ రాత్రి స్కోరు మళ్లీ 3-0. రాకుండా ఉండిపోయినవాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ అంకెని గంభీరంగా చదివినవాళ్లని చూస్తే మాత్రం నవ్వొచ్చింది.

అమ్ముడుపోని సీటు నష్టం తెస్తుంది. ఆ నష్టం లెక్కల్లో తేలుతుంది, మీటింగుల్లో చర్చకొస్తుంది, ఎవరో ఒకరు రేటు తగ్గిద్దామనో టైమ్ మారుద్దామనో అంటారు. అమ్ముడైన ఖాళీ సీటు లెక్కల పుస్తకంలో నిండు సీటే. దాని కోసం ఎవరూ మీటింగ్ పెట్టరు.

అసలు డబ్బు కట్టినవాడు ఎందుకు రాడు? బయటనుంచి చూస్తే ఇది పిచ్చితనంలా ఉంటుంది కానీ, అతని వైపునుంచి చూస్తే చాలా తెలివైన పని. ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్‌కి సీజన్‌లో 19 హోమ్ లీగ్ మ్యాచ్‌లు, అంటే సొంత స్టేడియంలో ఆడేవి. వాటిలో అతనికి నిజంగా కావాల్సినవి నాలుగైదు: పాత పగ ఉన్న పక్క ఊరి క్లబ్బు, టైటిల్ పోటీలో ఉన్న టీమ్, సీజన్ చివరి రోజు. ఆ మ్యాచ్‌లకి విడిగా టికెట్ దొరకడం గగనం. సీజన్ టికెట్ ఉంటే సీటు ఖాయం. పైగా ఫైనల్ టికెట్లకీ, ‘అవే’ (away, అంటే ప్రత్యర్థి స్టేడియంలో జరిగే) మ్యాచ్ టికెట్లకీ చాలా చోట్ల ముందు వరసలో నిలబెట్టేది అదే. ఒక్కసారి వదులుకుంటే వెయిటింగ్ లిస్ట్ చివరికి పోతాడు. పెద్ద క్లబ్బుల్లో ఆ లిస్టు ఏళ్లకేళ్లు కదలదు. అందుకని టీమ్ బాగా ఆడినా ఆడకపోయినా, తను వెళ్లినా వెళ్లకపోయినా, రెన్యూవల్ మాత్రం చేయిస్తాడు. అతను కొంటున్నది 19 మ్యాచ్‌లు కాదు, ఆ వరసలో తన చోటు. మిగతా పదిహేను మ్యాచ్‌లు దానితో పాటు వచ్చే సరంజామా.

ఇక్కడ నాకు కోపం వచ్చేది ఆ మనిషి మీద కాదు. చోటు పోతుందన్న భయం క్లబ్బే పెంచి పోషిస్తుంది, ఆ భయమే రెన్యూవల్స్‌ని నడిపిస్తుంది. వెయిటింగ్ లిస్టు ఎంత పొడవుంటే అంత గొప్పగా చెప్పుకుంటారు. లిస్టులో ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని, తమకి దొరకని సీటు ఖాళీగా ఉండడాన్ని టీవీలో చూస్తుంటారు.

కంపెనీలు తమ అతిథుల కోసం భోజనంతో సహా కొనే కార్పొరేట్ సీట్లది ఇంకో కథ. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో పెద్ద మ్యాచ్ ఎప్పుడైనా సెకండ్ హాఫ్ మొదట్లో చూడండి. కెమెరాకి ఎదురుగా, మధ్య అంచెలో, అన్నిటికన్నా ఖరీదైన సీట్లే ఖాళీగా ఉంటాయి. లోపల భోజనాలు ఇంకా అవ్వలేదన్నమాట. 2000 నవంబర్‌లో డైనమో కీవ్‌తో మ్యాచ్ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ తమ సొంత స్టేడియం ఓల్డ్ ట్రాఫోర్డ్ ప్రేక్షకుల్లో కొందరిని ఉద్దేశించి, రొయ్యల శాండ్‌విచ్‌లు తింటూ మైదానంలో ఏం జరుగుతోందో పట్టించుకోరని విసుక్కున్నాడు. పాతికేళ్లు దాటినా ఆ మాట అలాగే నిలిచిపోయింది. మెనూ మారి ఉంటుంది.

ఇక టీవీ. ఇక్కడ నన్ను నేను కూడా బోనులో నిలబెట్టుకోవాలి. నాలాంటివాళ్లు ఎక్కడో దూరాన కూర్చుని తెర మీద చూసేవాళ్లు. మాకు ఖాళీ సీట్ల గురించి మాట్లాడే అర్హత ఉందా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇదీ: మ్యాచ్ టైములు మారుతున్నది మా కోసమే కాబట్టి, ఉంది. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మ్యాచ్ పెడితే ఆసియా అంతటా సాయంత్రం హాయిగా చూస్తారు. ఆ హాయి కోసం అవే ఫ్యాన్ ఒకడు తెల్లవారకముందే బస్సెక్కి ఉంటాడు. సోమవారం రాత్రి ఎనిమిదింటి మ్యాచ్ అయిపోయేసరికి ఆఖరి రైలు వెళ్లిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా టీవీలో ఫుట్‌బాల్ లైవ్ చూపించకూడదన్న నిబంధన ఇంకా ఉంది. చిన్న క్లబ్బుల స్టేడియాలు వెలవెలపోకూడదని పెట్టినది. ఫలితం తమాషాగా తయారైంది. టీవీ వాళ్లకి కావాల్సిన మ్యాచ్‌లన్నీ ఆ టైమ్ నుంచి బయటికి జరిగాయి. మూడు గంటల మ్యాచ్ కోసం సెలవు చూసుకుని, పిల్లల్ని వెంటేసుకుని వెళ్లే అలవాటున్నవాళ్లే ముందుగా దెబ్బతిన్నారు. అమ్మేటప్పుడు శనివారం అని చెప్పి తర్వాత సోమవారానికి మార్చేస్తే, టికెట్ ఉన్నవాడు రాలేదని నిందించడం ఏం న్యాయం?

ఈ విషయంలో జర్మన్ అభిమానులు చేసిన పని నాకు బాగా నచ్చింది. సోమవారం మ్యాచ్‌లు వద్దని వాళ్లు ఊరికే గొణుక్కోలేదు. 2018 ఫిబ్రవరి 26, సోమవారం. డార్ట్‌మండ్, ఆగ్స్‌బర్గ్ మ్యాచ్. 81 వేల మంది పట్టే డార్ట్‌మండ్ స్టేడియం మామూలుగా ఏ మ్యాచ్‌కైనా నిండిపోతుంది. ఆ రోజు వచ్చింది 54,300 మంది. సుమారు పాతిక వేల మంది నిలబడి చూసే ఆ దక్షిణ స్టాండ్‌లో పెద్ద పెద్ద ఖాళీలు. చాలామంది టికెట్ చేతిలో ఉండి కూడా రాలేదు, కావాలనే. మిగతా స్టేడియాల్లో కూడా నిరసనలు జరిగాయి. చివరికి 2021-22 సీజన్ నుంచి జర్మనీ పై డివిజన్ బుండెస్లీగాలో సోమవారం మ్యాచ్‌లు ఎత్తేశారు. అంటే అమ్ముడైన ఖాళీ సీటు కూడా మాట్లాడగలదు. కాకపోతే వేలమంది ఒకేసారి, ఒకే మాట మీద నిలబడితేనే.

ఇంగ్లండ్‌లో దానికి దగ్గరగా వచ్చింది లివర్‌పూల్. 2016 ఫిబ్రవరి 6న సండర్‌ల్యాండ్‌తో హోమ్ మ్యాచ్. కొత్త మెయిన్ స్టాండ్‌లో అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లు చేస్తామని యాజమాన్యం ప్రకటించింది. సరిగ్గా 77వ నిమిషంలో పదివేల మంది దాకా లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది. వాళ్లు వెళ్లాక సండర్‌ల్యాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసింది. ప్రేక్షకుల అండ పోతే ఏమవుతుందో అంత సూటిగా చూపించిన మ్యాచ్ ఇంకోటి నాకు గుర్తులేదు. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి రేట్లు ముఖ్యం కాదని నేననను. రేటు గురించి అందరికన్నా తేటగా మాట్లాడింది బయర్న్ మ్యూనిక్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఊలీ హోనెస్. నిలబడి చూసేందుకు తమ చౌక సీజన్ టికెట్ 104 పౌండ్లనీ, దాన్ని 300 చేస్తే ఇంకో ఇరవై లక్షల పౌండ్లు వస్తాయనీ, ఆటగాడి బదిలీ బేరంలో ఆ మొత్తం ఐదు నిమిషాల మాట అనీ, అభిమానికి మాత్రం ఆ తేడా చాలా పెద్దదనీ అన్నాడు. అభిమానులు పాలు పిండుకోవడానికి ఆవులు కాదు అని కూడా. ఈ లెక్కకి నాకు ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. ప్రీమియర్ లీగ్ 2025 నుంచి నాలుగు సీజన్లకి బ్రిటన్‌లో టీవీ హక్కులే 670 కోట్ల పౌండ్లకి అమ్మింది. అంత డబ్బు వస్తున్నప్పుడు, 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మిగిలిన టికెట్లకి పిల్లలకీ వృద్ధులకీ కూడా రాయితీ లేకుండా 66 పౌండ్లు పెట్టడం చూస్తే, అవసరం కన్నా అలవాటు కనిపిస్తుంది.

రేటు ఒక్కటే మందు అనేవాళ్లు తరచూ చూపించే ఉదాహరణలు నిజంగానే బాగుంటాయి. బ్రాడ్‌ఫర్డ్ సిటీ మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు, 2015-16కి పెద్దవాళ్ల సీజన్ టికెట్ 149 పౌండ్లకే ఇచ్చింది. ఆ స్థాయి క్లబ్‌కి ఊహించలేనంత మంది కొన్నారు. హడర్స్‌ఫీల్డ్ యజమాని డీన్ హోయిల్, తను వచ్చినప్పటినుంచి ఏటా సీజన్ టికెట్ కొన్నవాళ్లకి ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్తే 100 పౌండ్లకే ఇస్తానని మాటిచ్చాడు. 2017లో టీమ్ నిజంగానే పైకి వెళ్లింది, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. అవే ఫ్యాన్స్‌కి ప్రీమియర్ లీగ్ 2016-17 నుంచి 30 పౌండ్ల పరిమితి పెట్టింది. అవే ఫ్యాన్స్ మూల దాదాపు ఎప్పుడూ కిక్కిరిసి, గోలగోలగా ఉంటుంది.

కానీ ఆ చివరి ఉదాహరణని కాస్త ఆగి చూడాలి. అవే మూల నిండడానికి 30 పౌండ్లు ఒక్కటే కారణం కాదు. అక్కడి టికెట్లు ఎక్కువగా ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచ్ అమ్ముతారు. వెళ్లాలనుకున్నవాడే కొంటాడు. ఎన్ని మ్యాచ్‌లకి వెళ్తే తర్వాతి టికెట్‌కి అంత ముందు వరస. వెళ్లనివాడి దగ్గర ఆ టికెట్ ఉండే అవకాశమే తక్కువ. హోమ్ స్టాండ్లలో దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ కొన్నది తర్వాతి ఏడాదికి హక్కు ఇస్తుంది, వచ్చింది ఇవ్వదు.

ధరని మరీ తగ్గిస్తే ఇంకో చిక్కు. ఉచితం అన్నది వినడానికి బాగుంటుంది. ఊరికే వచ్చినదాన్ని వాన పడితే వదిలేయడం కూడా అంతే తేలిక. చవగ్గా వచ్చిన సీజన్ టికెట్ కూడా అంతే, నాలుగు మ్యాచ్‌లు మానేసినా జేబుకి తగలదు. అందుకే జర్మనీలో ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్ చేసినది నాకు ఆసక్తిగా అనిపించింది. రెండో డివిజన్‌లో ఉన్న ఆ క్లబ్, స్పాన్సర్ల డబ్బుతో కొన్ని హోమ్ మ్యాచ్‌లు ఉచితం చేస్తామని 2023 ఏప్రిల్‌లో ప్రకటించింది. టికెట్లని సీజన్ మొత్తానికి పంచిపెట్టలేదు. మ్యాచ్ మ్యాచ్‌కీ దరఖాస్తు చేసుకోవాలి, లాటరీ తీస్తారు. మొదటి ఉచిత మ్యాచ్ ఆ అక్టోబర్ 21న, కైజర్స్‌లాటర్న్ మీద. లక్ష మందికి పైగా దరఖాస్తు చేశారు, స్టేడియం నిండింది. 0-3తో వెనకబడిన ఫోర్టునా 4-3తో గెలిచింది. ఇలాంటిది సినిమాలో పెడితే అతి అంటాం. అదే ఏడాది నవంబర్‌లో పారిస్ ఎఫ్‌సీ కూడా హోమ్ టికెట్లు ఉచితం చేసింది. వాళ్ల సంగతి వేరు. అదే నగరంలో పీఎస్‌జీ లాంటి పెద్ద క్లబ్ ఉండగా తమకంటూ అభిమానుల్ని మొదటినుంచి పోగుచేసుకోవాల్సిన క్లబ్ అది. అలాంటి చోట ఉచితం ఒక పెట్టుబడి. ఇప్పటికే లక్షలమంది అభిమానులున్న క్లబ్‌కి అది పనికిరాదు.

ఖాళీ సీట్ల ఫోటోలతో ఎగతాళి చేసేవాళ్ల గురించి రెండు మాటలు. మాంచెస్టర్ సిటీ మీద ఈ జోకులు ఏళ్లుగా నడుస్తున్నాయి. డబ్బొచ్చాక పుట్టుకొచ్చిన అభిమానులు, అసలు జనమే లేరు అని. ఆ క్లబ్ 1998-99లో మూడో డివిజన్‌కి పడిపోయి ఆడింది. ఆ ఏడాది కూడా మెయిన్ రోడ్ స్టేడియానికి సగటున 28 వేల మందికి పైగా వచ్చారు. ఆ రోజుల్లో అంత మందిని రప్పించిన క్లబ్‌కి ఇప్పుడు అభిమానం తగ్గిందనడం కన్నా, మంగళవారం రాత్రి చాంపియన్స్ లీగ్ తొలి దశ మ్యాచ్‌కి ఎందుకు రారో అడగడం మేలు. టైటిళ్ల మీద టైటిళ్లు గెలిచే టీమ్ అక్టోబర్‌లో బలహీనమైన ప్రత్యర్థిని 5-0తో ఓడించడం చూడటానికి, పొద్దున్నే పనికి వెళ్లాల్సినవాడు ఎన్నిసార్లు డబ్బు పెడతాడు? అభిమానం అన్నది అన్ని రాత్రులూ ఒకే మోతాదులో ఉండదు. ఉండాలని ఆశించేది క్లబ్ మార్కెటింగ్ శాఖే.

బతిమాలితే పనవుతుందా? ఒక్కసారి అవుతుంది. 2018 జూన్ 1న ముంబైలో భారత జట్టు చైనీస్ తైపీని 5-0తో ఓడించింది, సునీల్ ఛేత్రి హ్యాట్రిక్ కొట్టాడు. చూడటానికి వచ్చింది 2,569 మంది. మర్నాడు ఛేత్రి ఒక వీడియో పెట్టాడు. తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి ఆ పని చేయండి అని. జూన్ 4న కెన్యాతో మ్యాచ్, అతనికి వందోది. స్టేడియం నిండిపోయింది, వానలో తడుస్తూ అరిచారు. ఆ వీడియో నేనూ చూశాను, కదిలిపోయాను. అయినా కెప్టెన్ ప్రతి వారం చేతులు జోడించలేడు కదా. పిలుపుతో నిండిన స్టేడియం వచ్చే నెలకి మళ్లీ మామూలైపోతుంది. ఆ ఒక్క సాయంత్రం వచ్చినవాళ్లలో కొందరిని మళ్లీ రప్పించే ఏర్పాటు ఏదీ లేకపోతే ఆ పిలుపు వృథా.

సరే, రానివాడి సీటు వేరేవాళ్లకి అమ్మేస్తే సరిపోతుందిగా అంటారు. అమ్మొచ్చు. ఎవరికి అమ్ముతున్నామో చూసుకోకపోతే ఏమవుతుందో బార్సిలోనాకి తెలుసు. 2022 ఏప్రిల్ 14, తన సొంత స్టేడియం క్యాంప్ నౌలో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌తో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్. ఈస్టర్ సెలవులు. చాలామంది సభ్యులు రావట్లేదని సీట్లు వదిలేశారు, కొందరు చేతులు మార్చారు. జర్మన్ క్లబ్‌కి కేటాయించినవి 5 వేలే, స్టేడియంలో కనిపించిన జర్మన్ అభిమానులు సుమారు 30 వేలు. క్యాంప్ నౌ తెల్ల చొక్కాలతో నిండిపోయింది. బార్సిలోనా 3-2తో ఓడి బయటికి పోయింది. తనకి సిగ్గుగా ఉందని క్లబ్ అధ్యక్షుడు లపోర్టా అన్నాడు.  హాజరు లెక్క బ్రహ్మాండం. ఖాళీ సీటుని నింపడమే లక్ష్యమైతే ఆ రాత్రి గొప్ప విజయం.

మారుతూ పోయే ధరలు, అంటే గిరాకీని బట్టి గంట గంటకీ రేటు పెంచి తగ్గించడం, ఇప్పుడు కొత్త మంత్రం. 2025 క్లబ్ ప్రపంచ కప్‌లో ఫిఫా అదే చేసింది. చెల్సీ, ఫ్లుమినెన్స్ సెమీఫైనల్ టికెట్ 473.90 డాలర్ల దగ్గరుండి, మ్యాచ్ దగ్గరపడేసరికి 13.40 డాలర్లకి జారింది. ముందే కొన్నవాడి మొహం ఊహించుకోండి. అదే టోర్నీలో చెల్సీ తొలి మ్యాచ్‌కి అట్లాంటాలో డెబ్భై వేల పైన పట్టే స్టేడియానికి 22,137 మంది వచ్చారు. ఓర్లాండోలో ఉల్సాన్, మామెలోడి సన్‌డౌన్స్ మ్యాచ్‌కి 3,412. విమానం టికెట్‌కీ హోటల్ గదికీ ఈ పద్ధతి నప్పుతుంది, ఎందుకంటే పక్క గదిలో ఎవరూ లేకపోయినా మన నిద్రకి లోటు లేదు. మ్యాచ్‌లో మనం కొనేదానిలో సగం పక్క సీట్లో ఉన్న మనిషే.

అది కవిత్వం కోసం అన్న మాట కాదు. కోవిడ్ వల్ల దాదాపు మొత్తం ఖాళీ స్టేడియాల్లో జరిగిన 2020-21 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో హోమ్ టీమ్‌లు 144 మ్యాచ్‌లు గెలిస్తే, అవే టీమ్‌లు 153 గెలిచాయి. ఇంగ్లిష్ టాప్ డివిజన్ చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ అవే విజయాలు ఎక్కువ కాలేదు. ప్రేక్షకులు లేకపోతే రిఫరీ మీద ఒత్తిడి ఉండదు, చివరి పది నిమిషాల్లో ముందుకు తోసే అరుపు ఉండదు. ఇదంతా క్లబ్బులకి తెలియక కాదు. తెలిసే, ఆ లోటుని కెమెరా దగ్గర కప్పిపెట్టుకుంటాయి. కొన్ని కొత్త స్టేడియాల్లో సీట్లకి కలగాపులగంగా నాలుగైదు రంగులు వేస్తారు, దూరం నుంచి చూస్తే జనం ఉన్నట్టే కనిపిస్తుంది. ఇటలీలోని ఉడినే స్టేడియం అలాంటిదే. దక్షిణ కొరియా క్లబ్ ఎఫ్‌సీ సియోల్ అయితే 2020 మే నెలలో ప్రేక్షకుల బదులు బొమ్మల్ని కూర్చోబెట్టింది. తీరా చూస్తే అవి పెద్దల దుకాణాల్లో అమ్మే రకం బొమ్మలు. పది కోట్ల వోన్ల జరిమానా పడింది.

కప్పిపెట్టకుండా సూటిగా తేల్చుకున్నది ఇటలీ క్లబ్ యువెంటస్. 1990 ప్రపంచ కప్ కోసం కట్టిన డెల్లె ఆల్పి స్టేడియంలో సుమారు 69 వేల మంది పడతారు. మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్, ఆట ఎక్కడో దూరంగా. 2001-02లో అక్కడ సంప్‌డోరియాతో ఒక ఇటాలియన్ కప్ మ్యాచ్‌కి వచ్చింది 237 మంది. దాన్ని పడగొట్టి అదే చోట 41 వేల సీట్లతో కొత్తది కట్టుకుని 2011లో తెరిచారు. మైదానానికి ఆనుకుని సీట్లు, నిండిన స్టేడియం, వరసగా టైటిళ్లు. చిన్నదిగా కట్టుకోవడం తెలివైన పనే. కాకపోతే సీట్లు తగ్గితే ధరలు పెరుగుతాయి, బయట మిగిలేవాళ్లు కూడా పెరుగుతారు. ఖాళీ సీటు కనబడకుండా పోతుంది, ఖాళీ చేతులతో నిలబడినవాడు కూడా కనబడకుండా పోతాడు.

ఆ బయట ఉన్నవాళ్లు ఎంతమందో ఎప్పుడైనా ఒకసారి తలుపు తెరిస్తే తెలుస్తుంది. 2011 సెప్టెంబర్‌లో ఇస్తాంబుల్‌లో ఫెనర్‌బాచెకి ఖాళీ స్టేడియంలో ఆడాలన్న శిక్ష పడింది. దాన్ని కాస్త మార్చి, ఆడవాళ్లనీ పన్నెండేళ్లలోపు పిల్లల్నీ మాత్రం ఉచితంగా రానిచ్చారు. మనీసాస్పోర్‌తో ఆ మ్యాచ్‌కి 41 వేల మందికి పైగా వచ్చారు. వాళ్లంతా అంతకుముందు వారం ఎక్కడున్నారు? అభిమానం లేక రాలేదా?

నా వాదన ఇక్కడికొస్తుంది. సీటు మీద హక్కు కొన్నందుకు కాదు, వచ్చినందుకు ఉండాలి. సీజన్‌లో కనీసం ఇన్ని మ్యాచ్‌లకి సీటు వాడాలి, లేదా రాలేని రోజు ముందుగా క్లబ్‌కి తిరిగివ్వాలి, లేదా తెలిసినవాళ్లకి ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఏడాది రెన్యూవల్ లేదు. కొన్ని ఇంగ్లిష్ క్లబ్బులు ఇలాంటి నిబంధన ఇప్పటికే పెట్టాయి. తిరిగిచ్చిన సీటుకి మ్యాచ్ వంతు డబ్బు వెనక్కివ్వాలి. అదే ధరకి, హోమ్ సభ్యులకే మళ్లీ అమ్మాలి. ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే గేటు దగ్గర స్కాన్ లెక్క బయటపెట్టాలి. అన్నిటికన్నా ముందు చేయాల్సింది అదే, పైసా ఖర్చు లేని పని కూడా అదే.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం: డబ్బు కట్టాడు, సీటు అతనిది, వస్తాడో రాడో అతనిష్టం. నలభై ఏళ్లుగా వస్తున్న పెద్దాయనకి మోకాళ్ల నొప్పులొస్తే సీటు లాగేసుకుంటారా అని కూడా అడుగుతారు. రెండోదానికి జవాబు తేలికే. అనారోగ్యం, వయసు, షిఫ్టు పనులు, ఇవన్నీ మినహాయింపులు. ఆయన సీటు మనవడికి అడగకుండా ఇవ్వగలిగితే చాలు. టికెట్ మార్పిడికి మూడు యాప్‌లు, నాలుగు పాస్‌వర్డ్‌లు పెట్టిన క్లబ్బే నేరస్థుడు. మొదటిదానితో మాత్రం నేను ఒప్పుకోను. సీజన్ టికెట్‌ని క్లబ్బులు మామూలు సరుకులా అమ్మడం లేదు. ఎవరికి పడితే వాళ్లకి ఎంతకి పడితే అంతకి అమ్ముకునే హక్కు కొన్నవాడికి ఇవ్వడం లేదు. ఏటా రాయితీ లాంటి ధరకి, వెనక వేలమందిని నిలబెట్టి, ఒక చోటు ఇస్తున్నాయి. ఆ చోటుకి షరతులు ఇప్పటికే ఉన్నాయి. రమ్మనడం ఇంకొక షరతు, అంతే.

అసలు అభ్యంతరం వేరేది, దాన్ని ఎవరూ పెద్దగా లేవనెత్తరు. తిరిగిచ్చిన సీట్లు స్టేడియమంతా ఒక్కొక్కటిగా చెల్లాచెదురుగా ఉంటాయి. నలుగురు కుర్రాళ్లు కలిసి వెళ్దామంటే నాలుగు మూలల కూర్చోవాలి. అలా వచ్చినవాడు పాట ఎత్తుకోడు, ఫోన్ చూసుకుంటాడు. సీటు నిండుతుంది, గొంతు నిండదు. డార్ట్‌మండ్ దక్షిణ స్టాండ్‌లో సీటు నంబర్లతో పనిలేదు, ముందొచ్చిన స్నేహితుల పక్కన పోయి నిలబడతారు. ఇంగ్లండ్‌లో హిల్స్‌బరో స్టేడియంలో నిలబడి చూసే చోట జనం ఒత్తిడికి నలిగి అభిమానులు చనిపోయిన ఘోరం తర్వాత, 1990 టైలర్ నివేదిక ప్రకారం పై డివిజన్లలో అందరూ కూర్చోవాల్సిందే అయింది. 2022 జనవరిలో రెయిలింగ్ ఉన్న చోట్ల నిలబడటానికి మళ్లీ అనుమతి మొదలైంది కానీ, అక్కడ కూడా ఒక మనిషికి ఒక నంబరే. ఆ రెయిలింగ్ బ్లాకుల్లో కనీసం ఒకటి సీజన్ టికెట్లకి ఇవ్వకుండా పక్కన పెట్టాలి. మ్యాచ్ మ్యాచ్‌కీ, నలుగురైదుగురు కలిసి కొనుక్కునేలా, పాతికేళ్లలోపు వాళ్లకి తక్కువ ధరకి అమ్మాలి. క్లబ్‌కి దానివల్ల పోయేది ఆ ఒక్క బ్లాకులో ముందస్తుగా వచ్చే డబ్బు.